టార్డిగ్రేడ్లు అంతరిక్షంలో బతికాయంటే ఏ స్థితిలో, దేన్ని తట్టుకుని? (ఎండబెట్టే పద్ధతితో సహా)

#1 · ఎండునాచు

టార్డిగ్రేడ్ల గురించి, అదే నాచులో, నీళ్లలో ఉండే నీటి ఎలుగుబంట్లనే అతిచిన్న ఎనిమిది కాళ్ల జీవుల గురించి, ఎక్కడ చదివినా "అంతరిక్షంలో కూడా చావవు" అన్న ముక్క ఒక్కటే కనిపిస్తోంది. ఏ జాతిని పంపారు, తడిగా పంపారా ఎండబెట్టి పంపారా, నౌక లోపల ఉంచారా బయట పెట్టారా, తిరిగొచ్చాక గుడ్లు పెట్టాయా అన్నవి ఎవరూ రాయడం లేదు.

తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. శూన్యం, యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు), రేడియేషన్ మూడింటినీ విడదీస్తే వీటిని నిజంగా చంపేది ఏది? అలాగే, నాచులోంచి తీసిన వాటిని చావకుండా ఎండబెట్టడం ఎలా? గాజు పలక మీద నీటిబొట్టులో పెట్టి ఆరనిస్తే మళ్లీ ఒక్కటీ లేవడం లేదు.

---

#2 · కక్ష్యాపథం

బయటి శూన్యానికి నేరుగా గురిచేసిన మొదటి ప్రయోగం 2007 సెప్టెంబరులో జరిగింది. రష్యా వారి ఫోటాన్-ఎం3 ఉపగ్రహాన్ని బైకనూర్ నుంచి పంపారు. దాని మీద యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వారి బయోపాన్-6 పెట్టె ఉంది. కక్ష్యలోకి వెళ్లాక ఆ పెట్టె మూత తెరుచుకుంటుంది, దిగే ముందు మూసుకుంటుంది. అందులో స్వీడన్‌కి చెందిన ఇంగెమార్ యాన్సన్ బృందం పెట్టిన ప్రయోగం పేరు టార్డిస్. భూమికి సుమారు 260 నుంచి 280 కి.మీ. ఎత్తున, 10 రోజుల పాటు తెరిచి ఉంచారు.

పంపిన ఎదిగిన జీవులు రెండు టార్డిగ్రేడ్ జాతులవి: రిక్టర్సియస్ కొరోనిఫర్, మిల్నీసియం టార్డిగ్రేడం. రెండింటినీ ముందే ఎండబెట్టి పంపారు. ఈ ఒక్క సంగతి వదిలేయడం వల్లే సగం అపోహలు పుట్టాయి.

నమూనాలను గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి శూన్యం మాత్రమే, ఎండ తగలదు. ఇంకో గుంపుకి శూన్యంతో పాటు 280 నుంచి 400 నానోమీటర్ల యూవీ. మరో గుంపుకి శూన్యంతో పాటు 116.5 నుంచి 400 నానోమీటర్ల వరకు, అంటే భూమి మీద మనదాకా రాని గట్టి యూవీ కూడా.

శూన్యం మాత్రమే చూసినవి నీళ్లు పోయగానే భూమి మీద దాచిన వాటితో దాదాపు సమానంగా లేచాయి, గుడ్లు కూడా పెట్టాయి. యూవీ తగిలిన గుంపుల్లో లెక్క ఒక్కసారిగా పడిపోయింది. పూర్తి యూవీ తిన్న వాటిలో మిల్నీసియంలో చాలా కొద్దివి మాత్రమే మిగిలాయి.

కాబట్టి చంపేది ఎండలోని యూవీ. శూన్యం కాదు.

---

#3 · ఎండునాచు

శూన్యంలో నీరు మరిగిపోతుంది కదా. మరి శరీరం ఎందుకు పగలలేదు?

---

#4 · తేమపెట్టె

మరగడానికి లోపల నీరే లేదండీ. ఎండిన టార్డిగ్రేడ్‌లో మిగిలే నీరు ఒంటి బరువులో 1 నుంచి 3 శాతం. అది కూడా ప్రోటీన్లను అంటిపెట్టుకున్న నీరు, విడిగా పారే నీరు కాదు.

తడిగా, నడుస్తూ ఉన్నదాన్ని శూన్యంలో పెడితే కథ వేరు. 20 డిగ్రీల గదిలో గాలి పీడనం 23 మిల్లీబార్ల దగ్గరికి పడిపోగానే నీరు మరగడం మొదలుపెడుతుంది. బొట్టులో బుడగలు లేస్తాయి, ఆవిరి వేడిని లాక్కుపోవడంతో మిగిలిన నీరు గడ్డకడుతుంది. ముడుచుకోవడానికి దానికి సమయమే దొరకదు.

ముడుచుకోవడం అంటున్నాను, దాన్ని దగ్గరగా చూడాలి. నీరు తగ్గుతున్నకొద్దీ తల, వెనక కాళ్లు లోపలికి లాక్కుంటుంది. నాలుగు జతల కాళ్లూ పొట్టలోకి ముడుచుకుపోతాయి, వీపు మీద పలకలున్న జాతుల్లో అవి ఒకదాని కిందికి ఒకటి జారతాయి. అర మిల్లీమీటరు జీవి చివరికి చిన్న పీపాలా మిగులుతుంది. ఈ రూపాన్నే 'టన్' అంటారు. పెద్ద పీపాకి పాత పేరు అది. ఒళ్లు చిన్నదై, బయటికి తెరిచి ఉండే చర్మం తగ్గి, మిగిలిన నీరు నెమ్మదిగా పోతుంది. ఆ నెమ్మదే ప్రాణాధారం.

ఇంకొక్క మాట. టన్ కట్టడం కండరాల పని, దానికి శక్తి ఖర్చవుతుంది. కణాల్లో శక్తి తయారీని మందుతో ఆపేస్తే ముడుచుకోలేక చదునుగా ఎండి చచ్చిపోతాయి. బతికుండగానే సిద్ధమవ్వాలి, చచ్చాక ఎండితే ఉపయోగం లేదు.

---

#5 · నీలికిరణం

యూవీ గురించి కొంచెం వివరంగా.

యూవీ డీఎన్ఏని సూటిగా తాకుతుంది. డీఎన్ఏ గొలుసులో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్లు (డీఎన్ఏ అక్షరాల్లో ఒక రకం) అతుక్కుపోతాయి. నడుస్తున్న జీవి అయితే ఆ అతుకుల్ని ఎప్పటికప్పుడు విడదీసుకుంటుంది. ఎండిపోయిన దానిలో ఏ ఎంజైమూ పనిచేయదు. దెబ్బలు పేరుకుంటూ పోతాయి, నీళ్లు తగిలిన రోజున అన్నింటినీ ఒకేసారి బాగుచేసుకోవాలి. అందుకే లేచిన ప్రతిదీ బతికినట్టు కాదు. యూవీ తిన్నవి లేచి కాళ్లాడించి, తర్వాత రోజుల్లో రాలిపోయాయి. 'లేచింది', 'బతికింది' అన్న రెండు మాటల్ని వేరువేరుగా వాడాలి.

యూవీని తట్టుకునే తీరు జాతిని బట్టి మారుతుంది. రామజోటియస్ వేరియోర్నేటస్ అనే జాతిలో, యూవీ అతుకుల్ని వెలుతురు సాయంతో విడదీసే ఫోటోలయేజ్ ఎంజైమ్ ఉంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ బృందం 2020లో పారామాక్రోబయోటస్ అనే టార్డిగ్రేడ్ రకం ఒకదాని గురించి రాసింది. యూవీ పడితే అది నీలంగా మెరుస్తుంది. ఒంట్లోని రంగు పదార్థం యూవీని పీల్చుకుని హానిలేని నీలి వెలుతురుగా వదిలేస్తుందన్నమాట. క్రిముల్ని చంపే దీపం కింద 15 నిమిషాలు పెడితే (చదరపు మీటరుకు 1 కిలోజౌల్) హిప్సిబియస్ అనే ఇంకో టార్డిగ్రేడ్ చచ్చిపోయింది, ఇది బతికింది. ఇంకా అందమైన భాగం: దీని రంగు సారాన్ని తీసి హిప్సిబియస్ మీద పూస్తే, దానికీ కొంత రక్షణ వచ్చింది.

ఆ దీపంతో ఎవరైనా పనిచేయాలనుకుంటే మూసిన పెట్టెలో మాత్రమే. కన్నుకీ చర్మానికీ క్షణాల్లో హాని చేస్తుంది. మామూలు గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది గనక పెట్రీ డిష్ మూత పెట్టి యూవీ వేస్తే ఫలితం అంతా తప్పే.

---

#6 · పలకగాజు

"అంతరిక్షానికి పంపారు" అన్న మాటలో కూడా రెండు వేర్వేరు సంగతులున్నాయి. 2011 మేలో ఎండెవర్ షటిల్‌లో వెళ్లిన ఇటలీ వారి టార్డికిస్ ప్రయోగం, 2021 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన హిప్సిబియస్ ఎగ్జెంప్లారిస్ జాతి, 2025 జూన్ 25న యాక్సియమ్-4 యాత్రలో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా వెంట వెళ్లిన వాయేజర్ టార్డిగ్రేడ్స్ ప్రయోగం, ఇవన్నీ నౌక లోపల. అక్కడ గాలి ఉంది, వెచ్చదనం ఉంది. పరీక్షించేది భారరహిత స్థితిని, నౌక లోపలికి వచ్చే రేడియేషన్‌ని. గుడ్లు పొదుగుతాయా, ఏ జన్యువులు ఎక్కువగా పనిచేస్తాయి అని చూస్తారు. వీటిని శూన్యంలో బతికిన లెక్కలో వేయకూడదు.

2011 నవంబరులో రష్యా నౌక ఫోబోస్-గ్రుంట్‌లో కూడా పంపారు, అంగారకుడి చందమామ దాకా వెళ్లి రావాలని. ఆ నౌక భూకక్ష్య దాటలేకపోయింది, 2012 జనవరిలో కూలిపోయింది. భూమి అయస్కాంత రక్షణ దాటి చాలాకాలం ఉండి తిరిగొచ్చిన నమూనా దొరికి ఉంటే ఎంత బాగుండేది.

---

#7 · తేమపెట్టె

ఇక ఎండబెట్టడం. #1లో అడిగిన దానికి జవాబు ముందే చెబుతాను: గాజు మీద బొట్టు చివరి నిమిషంలో చాలా వేగంగా ఆరిపోతుంది. పైగా నీటి పొర తలతన్యత జీవిని గాజుకేసి నొక్కి చదును చేస్తుంది. ముడుచుకోలేదు. వడపోత కాగితం వాడండి.

తీయడం. గోడ మీదో చెట్టు బెరడు మీదో తరచూ ఎండి తడిసే గుబురు నాచు మంచిది. ఎప్పుడూ నీళ్లలో ఉండే నాచులోవి ఎండిపోవడానికి అలవాటు పడినవి కావు. కాగితం కవరులో దాచండి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల ముక్కను తలకిందులుగా పెట్రీ డిష్‌లో పెట్టి వాన నీరు గానీ సీసా నీరు గానీ పోయండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీరు వద్దు. కనీసం మూడు నాలుగు గంటలు, కావాలంటే రాత్రంతా. ఒక రోజు దాటనివ్వకండి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. తర్వాత నాచును పిండి, అడుగున దిగిన మట్టిని 20 నుంచి 40 రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోప్ కింద వెతకండి. నల్లని అడుగు, పక్కనుంచి వెలుతురు ఉంటే తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. కొరడాలా కొట్టుకునేవి నులిపురుగులు. జలగలా సాగి ముడుచుకునేవి రోటిఫర్లు. ఎనిమిది కాళ్లతో మట్టిరేణువుల్ని పట్టుకుని తడబడుతూ ఎక్కేవి మనవి.

శుభ్రం చేయడం. సన్నగా లాగిన డ్రాపర్‌తో ఏరి, రెండు మూడు సార్లు శుభ్రమైన నీళ్లలోకి మార్చండి. ఒక రోజు తిండి లేకుండా ఉంచండి, పేగు ఖాళీ అవుతుంది.

మూడు డబ్బాలు. బిగుతైన మూతలున్న మూడు డబ్బాలు తీసుకోండి. ఒక్కోదాని అడుగున ఒక్కో సంతృప్త ఉప్పు ద్రావణం, అంటే ఇక కరగనంత ఉప్పు కలిపిన నీరు. కరగని పలుకులు అడుగున ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. అవి పూర్తిగా కరిగిపోయాయంటే తేమ మీ అదుపులో లేదు.

మొదటి డబ్బా పొటాషియం నైట్రేట్, లోపలి తేమ 94 శాతం దగ్గర. రెండోది సాధారణ ఉప్పు, 75 శాతం. మూడోది మెగ్నీషియం క్లోరైడ్, 33 శాతం. గది 20 నుంచి 25 డిగ్రీలు.

ఎండబెట్టడం. అర సెంటీమీటరు వడపోత కాగితం ముక్క మీద 10 జీవుల్ని 3 నుంచి 5 మైక్రోలీటర్ల నీటితో పెట్టండి. కాగితం ద్రావణాన్ని తాకకుండా చిన్న పీట మీద ఉంచండి. మొదటి డబ్బాలో 24 గంటలు, రెండోదాంట్లో 24 గంటలు, మూడోదాంట్లో కనీసం 24 గంటలు. నీరు 5 మైక్రోలీటర్లు దాటితే మొదటి డబ్బాలో రోజు గడిచినా కాగితం తడిగానే ఉంటుంది, అప్పుడు అసలు ఎండడం రెండో డబ్బాలో, వేగంగా జరుగుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

---

#8 · ఎండునాచు

చాలా కృతజ్ఞతలు. పొటాషియం నైట్రేట్ డబ్బా మానేసి నేరుగా ఉప్పు డబ్బాలో పెడితే పనిచేయదా?

---

#9 · తేమపెట్టె

జాతిని బట్టి. గోడనాచులో దొరికే రామజోటియస్, మిల్నీసియం చాలావరకు తట్టుకుంటాయి. హిప్సిబియస్ ఎగ్జెంప్లారిస్ తట్టుకోదు. అది 1987లో ఇంగ్లండ్‌లోని ఒక చెరువు నుంచి తెచ్చి పెంచుతున్న వంశం. నీటిజీవి. ఎక్కువ తేమలో సిద్ధం కానివ్వకుండా ఎండబెడితే చచ్చిపోతుంది, సిద్ధం చేస్తే బాగా లేస్తుంది. ఆ మొదటి 24 గంటల్లో అది తన ఒంట్లో కొత్త ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది.

ఆ ప్రోటీన్లకి నిలకడైన ఆకారం ఉండదు. నీరు పోతున్నకొద్దీ కణం లోపలంతా గాజులా బిగుసుకుని, మిగతా ప్రోటీన్లు, పొరలు విరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. శాస్త్రవేత్త బూత్‌బీ బృందం 2017లో చూపించింది ఇదే. ఆ జన్యువుల్ని అణిచేస్తే హిప్సిబియస్ ఎండిపోయి బతకలేకపోయింది. ఎండిపోయి బతికే చాలా జీవుల్లో ట్రెహలోస్ అనే చక్కెర ఈ పని చేస్తుంది, టార్డిగ్రేడ్లలో అది చాలా తక్కువ, కొన్నింటిలో దొరకనే దొరకదు. పాఠాల్లో ఇంకా ట్రెహలోస్ పేరే రాస్తుంటే బాధేస్తుంది.

ఏ జాతో తెలియనప్పుడు 94 శాతం డబ్బా మానకండి. ఒక రోజు ఆలస్యం తప్ప నష్టం లేదు.

---

#10 · పలకగాజు

ఫలితం చదవడంలో తప్పులు కూడా చెప్పాలి.

మంచి టన్ గుండ్రంగా, పీపాలా, కాళ్ల జాడ లేకుండా ఉంటుంది. కాళ్లు చాచి, ఆకులా పలచగా అతుక్కుపోయి ఉంటే అది పోయినట్టే. నీళ్లు పోస్తే ఆకారం తిరిగి వస్తుంది గానీ ప్రాణం రాదు. ఉబ్బడం చూసి బతికిందని రాసుకోకండి.

నీళ్లు పోశాక కొన్ని 20 నిమిషాల్లోనే కదులుతాయి, కొన్నింటికి గంటలు పడుతుంది. ఎంత ఎక్కువ కాలం ఎండి ఉంటే, ఎంత దెబ్బతింటే, లేవడానికి అంత ఆలస్యం. 1 గంటకి, 24 గంటలకి, 48 గంటలకి మూడుసార్లు లెక్కించండి. సన్నని వెంట్రుకతో తాకితే కాలు లాక్కోవాలి. ఆ తర్వాత తిండి పెట్టి గుడ్ల కోసం చూడండి. మిల్నీసియం వేటాడేది, దానికి రోటిఫర్లు కావాలి. రామజోటియస్‌కి క్లోరెల్లా పాచి చాలు.

ఇంకో తికమక: నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే టార్డిగ్రేడ్ ఉబ్బి, కాళ్లు చాచి, పారదర్శకంగా, కదలకుండా పడి ఉంటుంది. చచ్చినట్టే అనిపిస్తుంది. పారేయకండి. విశాలమైన డిష్‌లో తాజా నీళ్లు, అరసెంటీమీటరు లోతు మించకుండా పోసి ఉంచితే చాలాసార్లు తేరుకుంటుంది.

---

#11 · గణకుడు

తేమపెట్టె గారు పదేసి పెట్టమన్నారు, ఆ సంఖ్యకి కారణం ఉంది. రిక్టర్సియస్‌లో గుంపుగా ఎండినవి ఒంటరిగా ఎండిన వాటికంటే బాగా బతుకుతాయి. లోపలి వాటికి నీరు నెమ్మదిగా పోతుంది. కాబట్టి ఒక కాగితం మీద 3, ఇంకోదాని మీద 30 పెట్టి పోల్చకండి. ప్రతి ముక్కలో ఒకే సంఖ్య, కనీసం ఐదారు ముక్కలు. ఎండబెట్టి, శూన్యంలో పెట్టకుండా పక్కన దాచిన గుంపు తప్పనిసరి. అది లేకపోతే ఎండబెట్టడంలో చచ్చిన వాటిని శూన్యం ఖాతాలో వేస్తారు.

ఒకసారి వాడినవాటిని మళ్లీ వాడకండి. ప్రతిసారీ ఎండి లేవడానికి ఒంట్లోని శక్తి నిల్వ ఖర్చవుతుంది, విడతవిడతకీ బతికే శాతం పడిపోతుంది.

---

#12 · రాలినఆకు

డీఎన్ఏని కాపాడే డీసప్ అనే ప్రోటీన్ ఉంది కాబట్టే ఇవి అంతరిక్షంలో బతుకుతాయని కదా?

---

#13 · నీలికిరణం

ఆ ఒక్కదాని వల్లే అనలేం. డీసప్‌ని రామజోటియస్ వేరియోర్నేటస్‌లో కనుక్కుని 2016లో జపాన్ బృందం ప్రకటించింది. మనిషి కణాల్లో దాన్ని పెడితే ఎక్స్‌రేల వల్ల డీఎన్ఏకి జరిగే నష్టం సుమారు 40 శాతం తగ్గింది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే న్యూక్లియోసోమ్‌లకి అది అతుక్కుని, రేడియేషన్ వల్ల నీటిలోంచి పుట్టి డీఎన్ఏని తెంచే హైడ్రాక్సిల్ రాడికల్స్ నుంచి కాపాడుతుంది. ఇంతవరకు నిజం.

అది రేడియేషన్‌కి ఒక డాలు మాత్రమే. హిప్సిబియస్ మీద 2024లో వచ్చిన పనిలో ఇంకో వైపు తెలిసింది. గామా కిరణాలు తగిలినప్పుడు దాని డీఎన్ఏ కూడా తెగుతుంది, కానీ మరమ్మత్తు చేసే జన్యువుల్ని విపరీతంగా పెంచేసి అతికించుకుంటుంది. డాలు కన్నా కుట్టుపని బలం ఎక్కువ.

కొలతలు చూడండి. మనిషికి ఒళ్లంతా 4, 5 గ్రేలు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం) తగిలితే, చికిత్స లేకుంటే ప్రాణం దక్కడం కష్టం. మిల్నీసియంలో సగం చావడానికి 5000 గ్రేలు కావాలి. తడిగా ఉన్నా ఎండి ఉన్నా ఆ అంకె దగ్గరదగ్గరగానే ఉంటుంది. అంటే రేడియేషన్‌ని తట్టుకోవడం టన్ వల్ల వచ్చిన గుణం కాదు. కానీ 1000 గ్రేలు దాటాక పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. పది రోజుల కక్ష్యలో తగిలేది ఈ అంకెల దరిదాపుల్లోకి కూడా రాదు. అందుకే ఫోటాన్ ప్రయోగంలో రేడియేషన్ సమస్యే కాలేదు.

---

#14 · రాలినఆకు

అర్థమైంది, నేను తప్పుగా అనుకున్నాను. మరి చంద్రుడి మీద పడ్డవి?

---

#15 · కక్ష్యాపథం

2019 ఏప్రిల్ 11న ఇజ్రాయెల్ వారి బెరెషీట్ నౌక చంద్రుడి మీద కూలిపోయింది. అందులో ఎండిన టార్డిగ్రేడ్లు కొన్ని వేలు ఉన్నాయి. అక్కడ ఇప్పుడు తిరుగుతున్నాయని రాసేవాళ్లు మూడు అడ్డంకులు చూడాలి.

మొదటిది దెబ్బ. 2021లో ఇంగ్లండ్‌లోని కెంట్ విశ్వవిద్యాలయంలో గడ్డకట్టించిన హిప్సిబియస్‌ని గ్యాస్ తుపాకీతో ఇసుకలోకి కాల్చి చూశారు. సెకనుకు 0.9 కి.మీ. వేగం దాకా, అంటే 1.14 గిగాపాస్కల్ ఒత్తిడి దాకా బతికాయి, అది దాటితే లేదు. కూలిన నౌకలో లోహం నేలను కొట్టినప్పుడు పుట్టే ఒత్తిడి అంతకన్నా ఎక్కువ. రెండోది వేడి. చంద్రుడి పగలు నేల 100 డిగ్రీలు దాటుతుంది. రామజోటియస్ టన్‌లని ఒక్క గంట 82.7 డిగ్రీల్లో ఉంచితే సగం పోతాయి, 24 గంటలైతే 63.1 డిగ్రీలకే సగం పోతాయి. చంద్రుడి పగలు మన లెక్కలో రెండు వారాలు. మూడోది నీరు. అది లేనిదే ఏ టన్ కూడా కదలదు, తినదు, పెరగదు.

---

#16 · గణకుడు

"వందేళ్లు ఎండి బతుకుతాయి" అన్నదాన్ని కూడా ఇక్కడే సరిదిద్దుదాం. ఆ మాట 120 ఏళ్ల నాటి మ్యూజియం నాచు నుంచి వచ్చింది. 1948లో ఆ నాచును తడిపితే ఒక జీవి కాలు కాస్త వణికినట్టు కనిపించింది, అంతే. గది ఉష్ణోగ్రతలో ఎండినవి బతికినట్టు గట్టిగా చెప్పగలిగేది తొమ్మిది పదేళ్ల దాకా. ఆక్సిజన్ నెమ్మదిగా డీఎన్ఏని కొరుకుతూ ఉంటుంది, మిల్నీసియంలో ఎండి ఉన్న కాలంతో పాటు తెగిన డీఎన్ఏ పెరగడం కొలిచి చూశారు. చల్లగా ఉంచితే లెక్క మారుతుంది. 1983లో అంటార్కిటికాలో తీసిన నాచును మైనస్ 20 డిగ్రీల్లో ముప్పై ఏళ్లు పైగా దాచి, 2014లో కరిగిస్తే అందులోని జీవులు లేచాయి, గుడ్లు పెట్టాయి, పిల్లలు పుట్టాయి.

---

#17 · ఎండునాచు

చిన్న శూన్యపు జాడీ, రెండంచెల రోటరీ పంపు ఉంటే 33 శాతం డబ్బా నుంచి తీసిన టన్‌లని అందులో పెట్టి చూడొచ్చా? జాగ్రత్తలు ఏమిటి?

---

#18 · తేమపెట్టె

చూడొచ్చు. కాగితం ముక్కల్ని మూతలేని చిన్న గాజు సీసాల్లో పెట్టి, సీసా నోటికి 40 మైక్రాన్ల జల్లెడ గుడ్డ కట్టండి. లేకపోతే గాలి లాగేటప్పుడూ వదిలేటప్పుడూ టన్‌లు ఎగిరిపోతాయి, కనిపించనివన్నీ చచ్చిన లెక్కలోకి వెళ్తాయి. గాలి లాగడం నెమ్మదిగా, కవాటాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పది నిమిషాలు తీసుకోండి. పంపుకీ జాడీకీ మధ్య ఆవిరి పట్టే ఉచ్చు పెట్టండి, పంపు నూనె ఆవిరి వెనక్కి వచ్చి నమూనాల మీద పేరుకోకూడదు. కక్ష్యలో ఉండే శూన్యం మీ పంపు అందుకునేదానికన్నా చాలా పలచన, ఆ తేడా నివేదికలో రాయండి.

తీసేటప్పుడు పొడి గాలిని వదలండి. నేరుగా నీళ్లు పోయకుండా కాగితం ముక్కల్ని ముందు 94 శాతం డబ్బాలో రెండు మూడు గంటలు ఉంచి, తర్వాత బొట్టు వేయండి. పక్కన దాచిన గుంపుకి కూడా అదే చేయాలి, అదే గంటలో.